కాపలాదారుకే కళ్లు మూసుకుపోతే..!

కరెంటు పోతే వెంటనే తెలిసిపోతుంది. కుళాయి రాకపోతే ఖాళీ బిందెలే చెబుతాయి. మరి ఎక్కడో చల్లటి గదిలో వరసగా పేర్చిన వందల కంప్యూటర్లలో ఒకటి మొరాయిస్తే ఎవరు చెప్పాలి? అందుకోసమే రాత్రింబవళ్లు కాపలా కాసే సాఫ్ట్‌వేర్లున్నాయి. అయితే ఒక్కోసారి ఆ కాపలాదారే 'డేటాబేస్ కనెక్షన్ టైమ్‌అవుట్' అంటూ చేతులెత్తేస్తుంది. అసలు పరిశోధన అప్పుడే మొదలవుతుంది!

పండక్కి ఊరెళ్లాలి. తత్కాల్ టికెట్టు కోసం ఇంటిల్లిపాదీ కంప్యూటరు ముందు చేరతారు. ఏసీ తరగతులకు పది గంటలకు, స్లీపర్‌కి పదకొండింటికి బుకింగ్ మొదలు. ముల్లు అక్కడికి రాగానే మీట నొక్కుతారు. తెరమీద చిన్న చక్రం తిరగడం మొదలెడుతుంది. తిరుగుతూనే ఉంటుంది. చివరికి 'టైమ్‌అవుట్' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. పరీక్ష ఫలితాలు వచ్చే రోజూ చాలా ఇళ్లలో ఇదే వరస. నెట్టు పాడైందనో, ఫోను పాతబడిందనో విసుక్కుంటాం.

చాలాసార్లు తప్పు మనది కాదు. మనం అడిగిన ప్రశ్న వెబ్‌సైట్ దాకా చక్కగా వెళ్లింది. దాని వెనకున్న సర్వర్ ఆ ప్రశ్నను డేటాబేస్‌కి పంపింది. అక్కణ్నుంచే జవాబు రాలేదు. సర్వర్ మాత్రం ఎంతసేపని ఎదురుచూస్తుంది? అందుకే ముందుగానే ఓ గడువు పెట్టుకుంటుంది. పదిహేను సెకన్లో, ముప్ఫై సెకన్లో. గడువు దాటితే 'ఇక లాభం లేదు' అని లేచిపోతుంది. టైమ్‌అవుట్ అంటే అదే. ఆ గడువే లేకపోతే ఇంకా కష్టం. రాని జవాబు కోసం ఒకటి ఆగుతుంది, దాని వెనక ఇంకోటి ఆగుతుంది. చివరికి నాలుగురోడ్ల కూడలిలో ట్రాఫిక్ చిక్కుకున్నట్టు మొత్తం బిగుసుకుపోతుంది.

కంటిమీద కునుకు లేని కొలువు

ఇలాంటి అవాంతరాలను మనకన్నా ముందే పసిగట్టడానికి పుట్టినవే 'సర్వర్ మానిటరింగ్' సాఫ్ట్‌వేర్లు. ఆస్పత్రిలో నర్సు గంటకోసారి వచ్చి రోగి నాడి, రక్తపోటు చూసి చార్టులో రాసి వెళ్తుంది చూశారా... ఇవీ అదే పని చేస్తాయి. ప్రాసెసర్ ఎంత వేడెక్కింది, జ్ఞాపకశక్తి ఎంత మిగిలింది, డిస్కు ఎంత నిండింది, వెబ్‌సైట్ ఎన్ని సెకన్లలో తెరుచుకుంటోంది... అన్నీ నిమిషానికోసారి చూసి రాసిపెడతాయి. తేడా కనిపిస్తే ఇంజినీరు ఫోనుకు సందేశం పంపుతాయి.

ఈ రంగంలో బాగా పేరున్నవి కొన్నే. అమెరికాకు చెందిన ఏతన్ గాల్‌స్టాడ్ 1999లో 'నెట్‌సెయింట్' పేరిట విడుదల చేసిన సాఫ్ట్‌వేరే తర్వాత 'నాగియోస్'గా మారింది. లాత్వియాలో అలెక్సీ వ్లాదిషెవ్ 1998లో మొదలుపెట్టిన 'జాబిక్స్' 2001లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. 2012లో సౌండ్‌క్లౌడ్ అనే సంగీత సంస్థలో 'ప్రొమీథియస్' పుట్టింది. హైటెక్ సిటీ ఆఫీసుల్లో రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్ల ముందు పెద్దతెరపై ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో కనిపించే పటాలు చాలావరకు ఇలాంటి వాటివే. ఆకుపచ్చ అంటే క్షేమం. ఎరుపు అంటే పరుగు!

నర్సు చార్టులో రాసినట్టే ఈ సాఫ్ట్‌వేర్లూ చూసిందంతా ఎక్కడో ఓచోట రాయాలి. నాగియోస్ లాంటివి మామూలు ఫైళ్లలోనే రాసుకోగలవు. ప్రొమీథియస్‌కి సొంత భాండాగారం ఉంది. జాబిక్స్ లాంటివి మాత్రం మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్‌ల మీద ఆధారపడతాయి. కొలతలూ సెట్టింగులూ ఎవరికి సందేశం పంపాలన్న చిట్టా... అన్నీ అక్కడే. అంటే డేటాబేస్ అందకపోతే కాపలాదారు చేతిలో లాఠీ, జేబులో ఫోన్ నంబర్ల పుస్తకం రెండూ పోయినట్టే!

రాత ఎంతంటే... రోజుకు 14 కోట్లు!

'ఏదో నాలుగు అంకెలు రాసుకోవడానికి అంత అవస్థ ఎందుకు' అనిపించొచ్చు. ఓసారి లెక్కేద్దాం. ఓ సంస్థలో 1,000 సర్వర్లు ఉన్నాయి. ఒక్కోదాని నుంచీ 100 రకాల కొలతలు, నిమిషానికోసారి. అంటే నిమిషానికి లక్ష అంకెలు. సెకనుకు దాదాపు 1,667. రోజు మొత్తానికి 14 కోట్ల 40 లక్షలు! ఇన్ని అంకెల్ని ఆగకుండా రాస్తూనే, 'నిన్న రాత్రి ఏమైంది' అని ఎవరైనా అడిగితే గ్రాఫు గీసి చూపించాలి. పాతవాటిని తుడిచెయ్యాలి. పెళ్లివారింట్లో ఓ పక్క వండుతూ, ఓ పక్క వడ్డిస్తూ, మరోపక్క అంట్లు తోమడమన్నమాట.

ఈ 'అంట్లు తోమే' పనికి జాబిక్స్‌లో 'హౌస్‌కీపర్' అని పేరు కూడా ఉంది. మామూలుగా గంటకోసారి నిద్రలేచి, గడువు తీరిన పాత కొలతల్ని తొలగిస్తుంది. డేటాబేస్ చిన్నదైతే ఫర్వాలేదు. కోట్ల వరసలు పేరుకున్నాక ఒక్కో వరసనూ వెతికి తుడవడం పెద్ద పని. ఆ కాసేపూ కొత్తగా రాయాల్సినవి క్యూలో నిలబడతాయి. గంటగంటకీ టైమ్‌అవుట్లు కనిపిస్తుంటే అనుభవజ్ఞుల కన్ను మొదట ఈ హౌస్‌కీపర్ మీదే పడుతుంది. దీనికి విరుగుడూ ఉంది. రోజుకో పుస్తకం చొప్పున విడివిడిగా రాసుకుంటే, గడువు తీరగానే ఒక్కో పేజీ చించే బదులు ఆ రోజు పుస్తకాన్నే అటకెక్కించెయ్యొచ్చు. దాన్నే 'పార్టిషనింగ్' అంటారు.

'రావద్దు' వేరు... 'పలకకపోవడం' వేరు!

ఓ ఇంటికెళ్లి తలుపు కొట్టారనుకోండి. 'ఇక్కడ అలాంటివాళ్లెవరూ లేరు' అని లోపల్నుంచి కేకేస్తే ఒక అర్థం. ఎంత కొట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే ఇంకో అర్థం. తలుపు తీసి 'మీరెవరో నాకు తెలీదు, వెళ్లండి' అంటే మరో అర్థం. 'ఇల్లు నిండిపోయింది, కూర్చునేందుకు చోటు లేదు' అంటే అదింకోటి.

డేటాబేస్ తలుపు దగ్గరా అచ్చం ఇవే నాలుగు జవాబులు. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే కంప్యూటరు బతికే ఉంది, అందులో డేటాబేస్ మాత్రం నడవడం లేదు, లేదా వేరే తలుపు దగ్గరుంది. 'యాక్సెస్ డినైడ్' అంటే పాస్‌వర్డు తప్పు. 'టూ మెనీ కనెక్షన్స్' అంటే కుర్చీలు నిండిపోయాయి. 'టైమ్డ్ అవుట్' అంటే... ఏ కబురూ లేదు. మొదటి మూడూ ఎంత కటువుగా ఉన్నా జవాబులే. కారణం ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తాయి. నాలుగోది మౌనం. ఇంజినీర్లను ఎక్కువగా తిప్పలు పెట్టేది అదే!

ఆ మౌనం వెనక కూడా ఓ లెక్క ఉంది. పాత లైనక్స్ వెర్షన్లున్న కంప్యూటరు ఓసారి తలుపు కొట్టాక పలక్కపోతే వెంటనే మానేయదు. ఒక సెకను ఆగి మళ్లీ కొడుతుంది. ఆ తర్వాత రెండు సెకన్లు, నాలుగు, ఎనిమిది, పదహారు... ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతుంది. మామూలు సెట్టింగుల్లో మొత్తం 127 సెకన్లు చూసి అప్పుడు ఆశ వదులుకుంటుంది. కాబట్టి అలాంటి కంప్యూటరులో ఓ ప్రోగ్రాము సరిగ్గా రెండు నిమిషాల ఏడు సెకన్లకు విఫలమైతే, డేటాబేస్‌కి కబురే చేరలేదని అర్థం. సరిగ్గా పది సెకన్లకో ముప్ఫై సెకన్లకో విఫలమైతే, ఎవరో ఆ గడువును సెట్టింగుల్లో పెట్టారని అర్థం. ఎన్ని సెకన్లకు ఆగిందన్న అంకే సగం దొంగను పట్టిస్తుంది!

అనుమానితులు ఐదుగురు

డిటెక్టివ్ నవలల్లోలాగే ఇక్కడా అనుమానితుల జాబితా ఉంటుంది.

మొదటిది చిరునామా. డేటాబేస్‌ను పేరుతో పిలుస్తారు. ఆ పేరును అంకెల చిరునామాగా మార్చే పని డీఎన్‌ఎస్‌ది. అది తప్పు చెప్పినా, అసలు చెప్పకపోయినా డేటాబేస్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా ప్రయోజనం లేదు. అక్టోబరు 20, 2025న అమెజాన్ వెబ్ సర్వీసెస్‌లో జరిగింది ఇదే. ఉత్తర వర్జీనియా కేంద్రంలో 'డైనమోడీబీ' అనే డేటాబేస్ చిరునామాల్ని మార్చే స్వయంచాలక వ్యవస్థలో పొరపాటు దొర్లి, ఆ పేరుకు ఎదురుగా ఉండాల్సిన చిరునామా ఖాళీ అయిపోయింది. డేటాబేస్ అక్కడే ఉంది. దారే చెరిగిపోయింది. దాంతో ప్రపంచవ్యాప్తంగా ఎన్నో యాప్‌లు గంటల తరబడి మూగబోయాయి.

రెండోది ఫైర్‌వాల్. ఇది గేటు దగ్గర వాచ్‌మన్. కొందరు వాచ్‌మన్లు 'లోపలికి పంపం' అని చెబుతారు. ఇంకొందరు విననట్టే ఉంటారు. ఈ రెండో రకం వల్లే 'రిఫ్యూజ్డ్' బదులు 'టైమ్‌అవుట్' వస్తుంది. ప్రతి డేటాబేస్‌కీ ఓ తలుపు నంబరుంటుంది. మామూలుగా మైసీక్వెల్‌కి 3306, పోస్ట్‌గ్రెస్‌కి 5432, ఒరాకిల్‌కి 1521. రాత్రి ఎవరో భద్రత కోసమని నిబంధనలు మార్చి ఈ నంబరును మర్చిపోతే, తెల్లారేసరికి కాపలాదారు గుడ్డిదైపోతుంది.

మూడోది కుర్చీల కొరత. డేటాబేస్ ఎంతమందినైనా కూర్చోబెట్టుకోదు. మామూలుగా పోస్ట్‌గ్రెస్‌లో 100 కనెక్షన్లకే చోటు. అందులోనూ మూడు కుర్చీలు పెద్దాయన కోసం... అంటే నిర్వాహకుడి కోసం అట్టే పెడతారు. మైసీక్వెల్‌లో 151. నిర్వాహకుడికి అదనంగా ఒకటి. మొత్తం నిండిపోయినా లోపలికెళ్లి సర్దుబాటు చేసే దారి ఉండాలి కదా! మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొలతలు తెచ్చే పనివాళ్లను పెంచుకుంటూ పోయి, వాళ్లు కూర్చునే కుర్చీల సంగతి మర్చిపోవడం తరచూ జరిగే పొరపాటే.

నాలుగోది తాళం. ఒకరు ఓ వరసను మారుస్తుంటే ఇంకొకరు దాన్ని తాకకుండా డేటాబేస్ తాళం వేస్తుంది. తాళం వేసినవాడు పని ముగించి తియ్యకుండా టీకి వెళ్లిపోతే..? వెనకున్నవాళ్లంతా బయటే. మైసీక్వెల్‌లో ఇలా నిలబడటానికి మామూలు గడువు 50 సెకన్లు.

ఐదోది నిశ్శబ్దంగా తెగిపోయే దారం. మైసీక్వెల్‌లో ఓ కనెక్షన్ ఎనిమిది గంటలు ఖాళీగా ఉంటే అదే తెంపేస్తుంది. సాయంత్రం ఆరింటికి ఆఫీసు మూసి, పొద్దున్న తొమ్మిదింటికి తెరిస్తే మొదట వచ్చినవారికి తప్పులు కనిపించి, ఆ తర్వాత అంతా సర్దుకోవడం వెనక రహస్యం ఇదే కావచ్చు. మధ్యలో ఉండే పరికరాలకు ఇంకా ఓపిక తక్కువ. అమెజాన్ క్లౌడ్‌లోని 'నాట్ గేట్‌వే' 350 సెకన్లకే మర్చిపోతుంది. లైనక్స్ మాత్రం 'ఉన్నావా' అని అడగడానికి మామూలుగా రెండు గంటలు ఆగుతుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరక పుట్టే టైమ్‌అవుట్లు ఇన్నీ అన్నీ కావు.

కౌంటరు లెక్క

ఈ ఐదింటిలో మూడోది కాస్త వివరంగా చూడాలి. బస్టాండులో 20 టికెట్ కౌంటర్లు ఉన్నాయనుకోండి. ఒక్కో టికెట్టుకు సెకనులో ఇరవయ్యో వంతు చాలు. అప్పుడు సెకనుకు 400 మందిని పంపొచ్చు. వచ్చేది 200 మందే అయితే సగం కౌంటర్లు ఖాళీ. అంతా హాయి. ఇప్పుడు ఏదో కారణంతో ఒక్కో టికెట్టుకు పూర్తి సెకను పట్టిందనుకోండి. అదే 20 కౌంటర్లు సెకనుకు 20 మందినే పంపగలవు. వచ్చేవాళ్లు మాత్రం 200 మందే. ప్రతి సెకనుకూ 180 మంది మిగిలిపోతారు. పది సెకన్లలో 1,800 మంది క్యూ!

అందుకే 'కనెక్షన్లు చాలడం లేదు' అన్నది చాలాసార్లు రోగం కాదు, రోగలక్షణం. అసలు రోగం ఒక్కో ప్రశ్నకు పట్టే సమయం పెరగడం. అది తెలియక కౌంటర్లను 20 నుంచి 200కు పెంచితే ఏమవుతుంది? లోపల టికెట్లు కొట్టే యంత్రం ఒక్కటే. 200 మంది ఒకేసారి దాని మీద పడతారు. అది ఇంకా నెమ్మదిస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టన్నమాట.

టైమ్‌అవుట్ గడువును పెంచడమూ అంతే. పదిహేను సెకన్లు చాలనప్పుడు అరవై చేస్తే తప్పు సందేశాలు తగ్గుతాయి. కానీ ఒక్కొక్కరూ నాలుగింతల సేపు కుర్చీ పట్టుకుని కూర్చుంటారు. క్యూ పెరుగుతుంది. జ్వరం తగ్గించకుండా థర్మామీటరు మీద అంకెలు మార్చడం లాంటిదే ఇది.

నిపుణులు ఎలా వెతుకుతారు?

మంచి డాక్టరు ముందు మందు రాయడు, ముందు ప్రశ్నలు వేస్తాడు. ఇక్కడా అంతే.

* ఎవరికి? ఒక్క మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కేనా, అదే డేటాబేస్‌ను వాడే మిగతావాళ్లకూనా? తెరమీద 200 సర్వర్లు ఒకేసారి ఎర్రబడితే 200 సర్వర్లూ పడిపోయాయని హడలిపోనక్కర్లేదు. ఊళ్లో అందరికీ ఒకే నిమిషంలో జ్వరం వచ్చిందంటే ముందు థర్మామీటరును అనుమానించాలి!

* ఎప్పుడు? గంటగంటకీనా... రోజూ రాత్రి ఒకే వేళకా... ఎప్పుడు పడితే అప్పుడా? ఒకే వేళకైతే బ్యాకప్పో, హౌస్‌కీపరో, ఏ నివేదిక తయారీయో ఆ సమయానికి నడుస్తోందేమో చూడాలి.

* ఏం మారింది? నిన్నటిదాకా బాగున్నది ఇవాళ పాడైందంటే మధ్యలో ఏదో మారి ఉండాలి. కొత్త వెర్షనో, కొత్త ఫైర్‌వాల్ నిబంధనో, కొత్తగా చేర్చిన వంద సర్వర్లో.

* ఎక్కడిదాకా వెళ్తోంది? మానిటరింగ్ సర్వర్ మీదే కూర్చుని ఒక్కో మెట్టూ ఎక్కాలి. పేరుకు చిరునామా దొరుకుతోందా? ఆ తలుపు తెరుచుకుంటోందా? పాస్‌వర్డు చెల్లుతోందా? 'ఒకటి' అని చిన్న ప్రశ్న అడిగితే 'ఒకటి' అని జవాబు వస్తోందా? ఎంతసేపట్లో? తన సొంత ల్యాప్‌టాప్ నుంచి చూసి 'నాకు బాగానే ఉంది' అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మన ఇంటి నుంచి దారి ఉన్నంత మాత్రాన పక్కింటి నుంచీ ఉండాలని లేదు.

* లోపల ఎవరున్నారు? డేటాబేస్‌లోకి వెళ్లాక ఎన్ని కుర్చీలు నిండాయి, ఎవరు ఎంతసేపటి నుంచి కూర్చున్నారు, ఎవరు ఎవరి తాళం కోసం ఆగారు... ఈ పట్టిక చూస్తే సగం కథ తేలిపోతుంది. డిస్కు పూర్తిగా నిండిపోయిందేమో చూడటం అస్సలు మరవకూడదు.

ఇంకో మాట. మొదటి అయిదు నిమిషాల్లోనే అన్నీ ఆపి మళ్లీ మొదలుపెట్టాలన్న కోరిక పుడుతుంది. రీస్టార్టుతో చాలాసార్లు బాగవుతుంది కూడా. కానీ నేరం జరిగిన గదిని కడిగేసినట్టు ఆనవాళ్లన్నీ పోతాయి. మళ్లీ వారం తర్వాత అదే రాత్రి, అదే తంటా. అందుకే ఆపేముందు రెండు నిమిషాలు కేటాయించి ఆ పట్టికల్ని దాచిపెట్టుకోవాలంటారు అనుభవజ్ఞులు.

మహామహులకూ తప్పలేదు

సెప్టెంబరు 23, 2010. ఫేస్‌బుక్ దాదాపు రెండున్నర గంటలు ఆగిపోయింది. తప్పుడు సెట్టింగులను కనిపెట్టి వాటంతటవే సరిచేసే ఓ ఏర్పాటు ఉండేది. ఒకరోజు అసలు సెట్టింగే తప్పుగా పడింది. ఒక్కో కంప్యూటరూ 'సరైనది చెప్పు' అంటూ డేటాబేస్‌ల మీదకు పరుగెత్తింది. సెకనుకు లక్షల ప్రశ్నలు! తట్టుకోలేక డేటాబేస్‌లు తప్పు సందేశాలు పంపాయి. ఆ సందేశాన్ని కూడా 'తప్పుడు సెట్టింగు' అనుకుని కంప్యూటర్లు మళ్లీ అడిగాయి. గోరుచుట్టుపై రోకటిపోటు! చివరికి డేటాబేస్‌లు ఊపిరి పీల్చుకోవడానికి సైటునే మూసేయాల్సి వచ్చింది. జవాబు రానప్పుడు మరింత గట్టిగా తలుపు బాదడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసొచ్చింది. అందుకే ఇప్పటి సాఫ్ట్‌వేర్లు విఫలమైన ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువసేపు ఆగి, మళ్లీ అడిగేలా రాస్తున్నారు.

అక్టోబరు 21, 2018. ప్రపంచ ప్రోగ్రామర్ల ఉమ్మడి బీరువా లాంటి గిట్‌హబ్‌లో పాత పరికరం మారుస్తుండగా అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్కు తెగింది. ఎంతసేపు? 43 సెకన్లు! అంతలోనే తూర్పు డేటాబేస్‌లు పోయాయనుకుని యంత్రాలు పగ్గాలను పడమటి తీరానికి అప్పగించేశాయి. రెండుచోట్లా వేర్వేరు రాతలు మిగిలాయి. వాటిని సరిచేసి మామూలు స్థితికి రావడానికి పట్టిన సమయం 24 గంటల 11 నిమిషాలు.

జనవరి 31, 2017. గిట్‌ల్యాబ్‌లో డేటాబేస్ ఒత్తిడితో సతమతమవుతూ రాత్రి పొద్దుపోయేదాకా పనిచేస్తున్న ఇంజినీరు, ఒక సర్వర్ మీద తుడవాల్సిన డేటాను పొరపాటున అసలు సర్వర్ మీద తుడిచేశారు. బ్యాకప్ ఉంది కదా అనుకుంటే, అది చాలారోజులుగా విఫలమవుతోందని తేలింది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు దారిలోనే తిరస్కరణకు గురయ్యాయి. కాపలాదారు అరుస్తూనే ఉన్నాడు, వినేవాళ్లకు ఆ కేక చేరలేదు! దాదాపు ఆరు గంటల డేటా పోయింది. అయితే ఆ సంస్థ ఎవరినీ బలిచెయ్యలేదు. ఏం జరిగిందో మొత్తం అందరిముందూ రాసిపెట్టింది.

కాపలాదారుకు కాపలా ఎవరు?

ఫిబ్రవరి 28, 2017న అమెజాన్ క్లౌడ్‌లోని 'ఎస్3' భాండాగారం పడిపోయింది. ఏది బాగుందో ఏది బాగాలేదో చెప్పే పట్టికలో ఆ ముక్క రాద్దామంటే కుదర్లేదు. ఎందుకంటే ఆ పట్టికను నడిపే ఏర్పాటూ అదే ఎస్3 మీద ఆధారపడింది. దాదాపు రెండు గంటలపాటు అంతా క్షేమంగా ఉన్నట్టే కనిపించింది. ట్విటర్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది. దీపం కిందే చీకటి!

దీన్నుంచి నేర్చుకున్న మొదటి పాఠం... కాపలాదారును కాపలా కాయాల్సిన ఇంట్లోనే పడుకోబెట్టకూడదు. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కి వేరే డేటాబేస్, వేరే డిస్కు ఉండాలి. వీలైతే వేరే భవనం.

రెండో పాఠం మరీ తమాషాగా ఉంటుంది. మామూలుగా ఆపదొస్తే గంట మోగుతుంది. ఇక్కడ తిరగేశారు. అంతా బాగున్నంతసేపూ గంట మోగుతూనే ఉంటుంది. ఆగిందంటే ఆపద! పూర్వం పల్లెల్లో తలారి రాత్రంతా కర్రతో నేలను తడుతూ తిరుగుతుంటే అందరూ నిశ్చింతగా పడుకునేవారు. ఆ చప్పుడు ఆగితేనే ఎవరికైనా మెలకువ వచ్చేది. ప్రొమీథియస్‌తో పాటు వాడే ఓ ప్రసిద్ధ ఏర్పాటులో ఇలా నిరంతరం మోగే గంటకు 'వాచ్‌డాగ్' అని పేరు పెట్టారు. దూరంగా ఉన్న మరో యంత్రం దాన్ని వింటూ ఉంటుంది. చప్పుడు ఆగిన కొద్ది నిమిషాల్లో ఇంజినీరు ఫోను మోగుతుంది.

నాన్నా... పులి!

ఇంతకీ ఆ ఫోను ఎవరిది? మన ఇళ్లలోని పిల్లలదే. 'ఆన్ కాల్' వారం వచ్చిందంటే అబ్బాయి సినిమాకు రాడు, పెళ్లికొచ్చినా ల్యాప్‌టాప్ సంచీ వదలడు. అర్ధరాత్రి రెండింటికి అమ్మాయి గదిలో లైటు వెలిగితే 'ఈ ఉద్యోగమేంటమ్మా' అని తల్లి బాధపడుతుంది. కారణం పక్క ఊళ్లో కాదు, పక్క ఖండంలో ఎక్కడో ఓ డేటాబేస్ పలకకపోవడం.

ఇందులో యంత్రాల సమస్య కన్నా మనుషుల సమస్యే పెద్దది. ప్రతి చిన్న టైమ్‌అవుట్‌కీ ఫోను మోగితే నాలుగో రోజుకు ఎవరూ పట్టించుకోరు. 'నాన్నా పులి' కథలోలాగే నిజంగా పులి వచ్చినరోజు మోగినా వినిపించదు. గూగుల్ ఇంజినీర్లు 2016లో వెలువరించిన పుస్తకంలో దీనికో హద్దు పెట్టారు. పన్నెండు గంటల షిఫ్టులో రెండుకు మించి ఘటనలు ఉండకూడదని. మించుతున్నాయంటే మనిషిని కాదు, వ్యవస్థను బాగుచెయ్యాలని. ఒక్కసారి టైమ్‌అవుట్ వస్తే నమోదు చేసుకోవడం, వరసగా కొన్ని నిమిషాలు వస్తేనే మనిషిని లేపడం... ఇలాంటి చిన్న మార్పులతోనే ఎన్నో రాత్రుల నిద్ర మిగులుతుంది.

ఎవరి తప్పన్నది కాక ఏం జరిగిందన్నది రాసుకునే అలవాటు కూడా పెరిగింది. తిట్టే చోట నిజం బయటికి రాదు. నిజం తెలియకపోతే అదే రాత్రి మళ్లీ వస్తుంది.

డబ్బు కట్టాక చక్రం తిరుగుతుంటే...

డేటాబేస్ టైమ్‌అవుట్ మన జేబును తాకే చోటు ఇదే. టైమ్‌అవుట్ అంటే 'పని జరగలేదు' అని కాదు. 'జరిగిందో లేదో తెలియలేదు' అని మాత్రమే. డబ్బు వెళ్లిపోయి, 'వెళ్లింది' అన్న కబురు మాత్రం దారిలో ఆగిపోయి ఉండొచ్చు. అందుకే...

* వెంటనే మళ్లీ కట్టొద్దు. వెనక్కి వెళ్లే మీట కూడా నొక్కొద్దు. ముందు బ్యాంకు సందేశం, లావాదేవీల పట్టిక చూసుకోండి.

* లావాదేవీ సంఖ్యను, సమయాన్ని రాసిపెట్టుకోండి. తెరను ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది.

* రిజర్వు బ్యాంకు సెప్టెంబరు 2019లో ఇచ్చిన ఆదేశం ప్రకారం... యూపీఐలో ఒకరి ఖాతా నుంచి డబ్బు పోయి మరొకరి ఖాతాకు చేరకపోతే, మర్నాటికల్లా అదే వెనక్కి రావాలి. దుకాణాలకు కట్టినవి, ఏటీఎంలో నోట్లు రాకుండానే ఖాతాలో తగ్గినవి అయిదు రోజుల్లోగా రావాలి. గడువు దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలి.

* గడువు దాటినా రాకపోతే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆ సంఖ్య దాచుకోండి.

ఇంజినీర్లకు టైమ్‌అవుట్ నేర్పే పాఠం కూడా అదే. పలకలేదంటే లేదని కాదు, ఉందనీ కాదు. వెళ్లి చూసి రావాలి. తెరంతా ఆకుపచ్చగా ఉన్నప్పుడు కూడా 'ఇది చివరిసారి ఎప్పుడు రాసిన అంకె' అని ఓసారి కింద ఉన్న సమయం చూసుకునేవాళ్లే ఈ వృత్తిలో మంచి కాపలాదారులు.